చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజిన్‌కు మేలా?

* కారు ఆయిల్ ఎంపికలో అపోహలే ఎక్కువ
* కిలోమీటర్లతోపాటు నెలలూ లెక్కించాల్సిందే
* కదలని కారుకూ ఏడాదికోసారి మార్పు తప్పదు

శ్రీకాకుళం, విజయనగరం: లక్షలు పోసి కారు కొంటారు. నెలనెలా వాయిదాలు చెల్లిస్తారు. అద్దం మీద గీత పడితే తల్లడిల్లిపోతారు. అదే కారు ఇంజిన్‌లో ఏ ఆయిల్ పోయిస్తున్నారని అడిగితే మాత్రం చాలామంది వద్ద సమాధానం ఉండదు. షెడ్డులో ఏది ఉంటే అదే పోయించుకుని వస్తున్నారు. ఇంకొందరు ఎండలు ఎక్కువ గనుక చిక్కటి ఆయిలే మంచిదని పట్టుబట్టి మరీ పోయిస్తున్నారు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం వరకు జాతీయ రహదారి వెంట ఏ షెడ్డు వద్ద ఆగినా ఈ వాదన వినిపిస్తుంది. ఒకప్పుడు అందులో నిజం లేకపోలేదు. నేటి ఇంజిన్లకు మాత్రం అది వర్తించదు. ఆయిల్ ఎంపికలో పొరపాటు జరిగినా, మార్చడంలో జాప్యం జరిగినా నష్టం ఆ రోజే కనిపించదు. రెండు మూడేళ్ల తరువాత ఇంజిన్ విప్పాల్సి వచ్చినప్పుడు వేలల్లో బిల్లు చేతికొస్తుంది. కారే జీవనాధారమైన టాక్సీ యజమానికి అది నెలల సంపాదనతో సమానం.

డబ్బాపై అంకెల అర్థమేమిటి?

ఆయిల్ డబ్బాపై 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40, 0డబ్ల్యూ-20 వంటి అంకెలు కనిపిస్తాయి. అమెరికాకు చెందిన ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం (ఎస్‌ఏఈ) రూపొందించిన వర్గీకరణ ఇది. ఆయిల్ చిక్కదనాన్ని, అంటే పాఠ్యపుస్తకాల భాషలో స్నిగ్ధతను, ఈ అంకెలు తెలియజేస్తాయి. డబ్ల్యూ అనే అక్షరం శీతకాలానికి గుర్తు. దానికి ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. అంకె ఎంత తక్కువైతే చలిలో అంత పలుచగా ఉంటుందని అర్థం. 15డబ్ల్యూ రకాన్ని సున్నాకు దిగువన 20 డిగ్రీల వద్ద, 5డబ్ల్యూ రకాన్ని సున్నాకు దిగువన 30 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు.

చివరనున్న 20, 30, 40 అంకెలు ఇంజిన్ పూర్తిగా వేడెక్కిన తరువాతి చిక్కదనానికి గుర్తు. దీన్ని 100 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలుస్తారు. 30 రకం ఆయిల్ ఆ వేడిలో 9.3 నుంచి 12.5 సెంటిస్టోక్‌ల మధ్య ఉండాలి. 40 రకమైతే 12.5 నుంచి 16.3 మధ్య, 20 రకమైతే 6.9 నుంచి 9.3 మధ్య ఉండాలి. గది వేడిలో ఉన్న నీటి చిక్కదనం సుమారు ఒక సెంటిస్టోక్. దానితో పోల్చి చూస్తే ఈ అంకెలు సులువుగా బోధపడతాయి.

బెల్లం పాకం పట్టే ఇల్లాలికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పొయ్యిమీద జారుడుగా ఉన్న పాకమే దించి చల్లారిస్తే గట్టిపడుతుంది. ఆయిలూ అంతే. 15డబ్ల్యూ-40 ఆయిల్ 100 డిగ్రీల వద్ద 14 సెంటిస్టోక్‌ల ప్రాంతంలో ఉంటే, 40 డిగ్రీల వద్ద వందకు పైగా ఉంటుంది. అంటే మే నెల మధ్యాహ్నపు ఎండలో నిలిపి ఉంచిన కారు కూడా ఇంజిన్ దృష్టిలో చల్లగా ఉన్నట్టే లెక్క. తాళం తిప్పిన తొలి క్షణాల్లో ఆయిల్ పైభాగానికి చేరే లోపు ఇనుము ఇనుమును రాసుకుంటుంది. ఇంజిన్ అరుగుదలలో ఈ చల్లని స్టార్టింగ్‌ల వాటా ఎక్కువ. పలుచని ఆయిల్ త్వరగా పైకి చేరి ఈ అరుగుదలను తగ్గిస్తుంది.

ఎండలకు చిక్కటి ఆయిల్.. ఎంతవరకు నిజం?

వేసవిలో జిల్లాల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం పరిపాటి. ఈ ఎండల్లో పలుచని ఆయిల్ నీళ్లలా మారిపోతుందన్న భయం చాలామందిలో ఉంది. అయితే ఇంజిన్ వేడిని నిర్ణయించేది బయటి ఎండ ఒక్కటే కాదు. రేడియేటర్‌కు వెళ్లే దారిలో ఉండే థర్మోస్టాట్ నీటి వేడిని 90 డిగ్రీల దరిదాపుల్లో నిలుపుతుంది. డిసెంబరు మంచులో నడిపినా, మే ఎండలో నడిపినా ఇంజిన్ లోపలి వేడిలో పెద్ద తేడా రాదు. ఆయిల్ వేడి సాధారణంగా 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ వేడిలో ఎంత చిక్కదనం కావాలో లెక్కగట్టే తయారీదారులు రకాన్ని నిర్ణయిస్తారు.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల కాలంలో ఇంజిన్ భాగాల మధ్య ఖాళీలు ఎక్కువగా ఉండేవి. ఆ ఖాళీలను నింపి ఆయిల్ ఒత్తిడిని నిలపడానికి 20డబ్ల్యూ-40 వంటి చిక్కటి రకాలు అవసరమయ్యేవి. నాటి మెకానిక్‌ల అనుభవం వారి శిష్యులకు వారసత్వంగా అందింది. మారుతీ 800 తయారీ 2014 జనవరిలో, అంబాసిడర్ తయారీ అదే ఏడాది మేలో నిలిచిపోయాయి. ఆ కార్లు పోయినా నాటి అలవాటు మాత్రం షెడ్డుల్లో ఇంకా మిగిలే ఉంది.

నేటి ఇంజిన్లలో బేరింగుల మధ్య ఖాళీలు బాగా సన్నబడ్డాయి. వాల్వులు తెరుచుకునే సమయాన్ని ఆయిల్ ఒత్తిడితోనే మార్చే ఏర్పాట్లు వచ్చాయి. వీటి దారులు చాలా సన్ననివి. వాటిలోకి చిక్కటి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. ఫలితంగా ఉదయం పూట టాపెట్ల శబ్దం రావడం, పికప్ మందగించడం, మైలేజీ తగ్గడం వంటివి కనిపిస్తాయి. కొత్త చిన్న పెట్రోలు కార్లలో పలు మోడళ్లకు 0డబ్ల్యూ-20, కొన్నింటికి 0డబ్ల్యూ-16 రకాన్ని తయారీదారులే నిర్దేశిస్తున్నారు. అటువంటి కారులో 20డబ్ల్యూ-40 పోయడం మేలు కాదు, కీడే.

అలాగని పాత కారులో పలుచని ఆయిల్ పోయడమూ సరికాదు. 15డబ్ల్యూ-40 కోసం రూపొందించిన పాత డీజిల్ ఇంజిన్‌లో 0డబ్ల్యూ-20 పోస్తే ఆయిల్ పొర పలుచబడి బేరింగులు త్వరగా అరిగిపోతాయి. చలి తీవ్రంగా లేని మైదాన ప్రాంతంలో 15డబ్ల్యూ రకంతో స్టార్టింగ్ ఇబ్బంది కూడా రాదు.

పుస్తకమే ప్రమాణం

ఏ కారుకు ఏ ఆయిల్ అన్న సందేహానికి సమాధానం కారుతోపాటు ఇచ్చే యజమాని పుస్తకంలోనే ఉంటుంది. ఎక్కువ మంది ఇళ్లలో అది డ్యాష్‌బోర్డు అరలోనే, కవరు కూడా విప్పకుండా పడి ఉంటోంది. పలు పుస్తకాల్లో బయటి ఉష్ణోగ్రతను బట్టి ఏయే రకాలు వాడవచ్చో పట్టిక కూడా ఇస్తారు. పట్టికలో 5డబ్ల్యూ-30తోపాటు 5డబ్ల్యూ-40 కూడా ఉంటే, లక్ష కిలోమీటర్లు దాటి ఆయిల్ కొద్దిగా తాగుతున్న కారుకు రెండోది ఎంచుకోవచ్చు. పట్టికలో లేని రకం జోలికి మాత్రం వెళ్లకూడదు. పాత కారు కొన్నవారికి పుస్తకం దొరక్కపోతే తయారీ సంస్థ వెబ్‌సైట్‌లోగానీ, అధీకృత సర్వీసు కేంద్రంలోగానీ వివరం తెలుసుకోవచ్చు.

చిక్కదనం ఒక్కటే చూసుకుంటే చాలదు. నాణ్యత స్థాయిని తెలిపే అక్షరాలు కూడా డబ్బాపై ఉంటాయి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) ఇచ్చే ఈ గుర్తుల్లో 'ఎస్'తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజిన్లకు, 'సీ'తో మొదలయ్యేవి డీజిల్ ఇంజిన్లకు సంబంధించినవి. పెట్రోలు విభాగంలో ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో, ఎస్‌క్యూ 2025లో వచ్చాయి. రెండో అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ ప్రమాణం కొత్తదని అర్థం. పెట్రోలు కార్లలో పుస్తకంలో చెప్పిన దానికన్నా కొత్త ప్రమాణం వాడవచ్చు. వెనకటిది వాడకూడదు.

డీజిల్ కార్ల యజమానులు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. ఆ తరువాత వచ్చిన డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. సాధారణ ఆయిల్ కాలినప్పుడు మిగిలే బూడిద ఈ ఫిల్టరును క్రమంగా పూడ్చేస్తుంది. ఫిల్టరులో చేరిన మసిని కాల్చవచ్చు గానీ బూడిదను కాల్చలేం. అందుకే ఈ కార్లకు బూడిద తక్కువగా మిగిల్చే ప్రత్యేక రకం ఆయిల్ తప్పనిసరి. లారీకి పోసే ఆయిలే కదా అని డ్రమ్ములోంచి తీసి పోయిస్తే, ఆయిల్‌పై మిగిలిన సొమ్ముకు ఎన్నో రెట్లు ఫిల్టరుకు చెల్లించాల్సి వస్తుంది.

కిలోమీటర్లా.. నెలలా?

ఎన్నాళ్లకు మార్చాలన్నది తరువాతి ప్రశ్న. నేడు చాలా పెట్రోలు కార్లకు 10 వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందయితే అది అన్నది తయారీదారుల నియమం. కొన్ని డీజిల్ మోడళ్లకు 15 వేలు, 20 వేల కిలోమీటర్ల గడువు కూడా ఉంది. వెనుకటి రోజుల్లో ప్రతి ఐదు వేలకు మార్చేవారు. అమెరికాలోనూ చాలాకాలం మూడు వేల మైళ్లకు, అంటే సుమారు 4,800 కిలోమీటర్లకు మార్చడం ఆనవాయితీగా ఉండేది. ఆయిల్ నాణ్యత, ఇంజిన్ల తయారీ మెరుగుపడటంతో ఈ గడువు పెరిగింది.

అయితే 'ఏది ముందయితే అది' అన్న మాటను ఎక్కువ మంది పట్టించుకోవడం లేదు. రెండు ఉదాహరణలు చూస్తే దాని విలువ తెలుస్తుంది.

శ్రీకాకుళం నుంచి విశాఖకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. రోగులను, ప్రయాణికులను తీసుకెళ్లే టాక్సీ రోజుకు ఒకసారి వెళ్లి వచ్చినా 200 కిలోమీటర్లు దాటుతుంది. నెలకు 25 రోజులు తిరిగితే ఐదు వేలు. అంటే రెండు నెలలకే 10 వేలు పూర్తవుతాయి. ఏడాది గడువు ఉంది కదా అనుకుంటే ఈ కారు ఇంజిన్ దెబ్బతింటుంది. దీనికి కిలోమీటర్ల లెక్కే ముఖ్యం.

రెండో కారు పరిస్థితి వేరు. ఉద్దానం పల్లెల్లోనూ, పట్టణాల్లోనూ కొడుకులు హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో, సైన్యంలోనో, ఓడల మీదనో ఉంటారు. కారు ఇంటి వద్ద ఉంటుంది. సంక్రాంతికి వారు వచ్చినప్పుడు తప్ప అది బజారుకు, బ్యాంకుకు, గుడికి మించి కదలదు. ఏడాదికి 1,500 కిలోమీటర్లు కూడా తిరగదు. ఇంకా 10 వేలు కాలేదన్న ధీమాతో మూడు నాలుగేళ్లు అదే ఆయిల్‌తో గడిపేస్తున్నారు. ఈ కారుకు నెలల లెక్కే ముఖ్యం. ఇంజిన్‌కు ఇటువంటి వాడకమే ఎక్కువ హాని చేస్తుందన్నది చాలామందికి తెలియదు.

ఐదు నిమిషాల స్టార్టింగ్‌తో చేటు

లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అందులో అత్యధిక భాగం పొగగొట్టం ద్వారా బయటకు పోతుంది. కొద్ది భాగం పిస్టన్ రింగుల సందుల్లోంచి కింది చాంబరులోకి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. దానితోపాటు మండని పెట్రోలు, ఆమ్లాలు కూడా చేరతాయి. కారు అరగంట రహదారిపై నడిస్తే ఆ వేడికి తేమ ఆవిరై పోతుంది. రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే ఆయిల్ వేడెక్కదు. నీరు అలాగే ఉండిపోతుంది. ఆయిల్ మూత విప్పితే లోపల మీగడలా తెల్లటి పదార్థం కనిపించడం దీనికి గుర్తు. కొన్నాళ్లకు అది నల్లని బురదగా మారి ఆయిల్ దారులను మూసేస్తుంది. తీరప్రాంతపు తేమ గాలి తుప్పుకు మరింత తోడవుతుంది.

బ్యాటరీ దిగిపోకుండా రోజూ పొద్దున్నే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఇంజిన్ విషయంలో అది చేసేది హానే. దానికి బదులు వారానికి ఒకసారి 20 నుంచి 30 నిమిషాలు రహదారిపై నడిపి తీసుకురావడం మంచిది. పెద్దవారు నడపలేకపోతే నమ్మకమైన డ్రైవరుతోనైనా ఆ పని చేయించాలి.

కొత్త డీజిల్ కార్లకు పట్టణ వాడకం మరో చిక్కు తెచ్చిపెడుతుంది. ఫిల్టరులోని మసిని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. అది పూర్తికాకముందే కారు ఆపేస్తుంటే కొంత డీజిల్ చాంబరులోకి దిగుతుంది. ఆయిల్ తగ్గాల్సింది పోయి మట్టం పెరుగుతుంది. ఆయిల్ తాగడం లేదని సంబరపడాల్సిన పని లేదు. అది పలుచబడిందన్న హెచ్చరిక.

దుమ్ము, ఘాట్, వరద

యజమాని పుస్తకాల్లో 'కఠిన పరిస్థితులు' అనే భాగం ఉంటుంది. దుమ్ము, ఎత్తుపల్లాలు, అధిక బరువు, తరచూ చిన్న దూరాలు, గంటల తరబడి ఇంజిన్ ఆన్‌లో ఉంచడం ఆ కోవలోకి వస్తాయి. అప్పుడు గడువును కుదించాలని తయారీదారులే చెబుతారు. పలు మోడళ్లకు అది సగానికి తగ్గుతుంది. టెక్కలి పరిసరాల్లో గ్రానైట్ క్వారీల రోడ్లపై తిరిగే కార్లు, సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కే జీపులు, సీతంపేట కొండదారుల్లో నిండా జనంతో నడిచే వాహనాలు ఈ జాబితాలోనివే. వీటికి 10 వేలకు బదులు ఐదు వేలకే మార్చడం వృథా ఖర్చు కాదు. దుమ్ములో తిరిగే కార్లకు ఎయిర్ ఫిల్టరు శుభ్రత కూడా అంతే ముఖ్యం. అక్కడ ఆగని దుమ్ము చివరకు ఆయిల్‌లోకే చేరి సానరాయిలా భాగాలను అరగదీస్తుంది.

తుపాన్లు ఈ జిల్లాలకు కొత్త కాదు. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ చేసిన నష్టం ఇంకా కళ్ల ముందే ఉంది. వరద నీటిలో ఇంజిన్ వరకు మునిగిన కారును ఎట్టి పరిస్థితుల్లోనూ స్టార్ట్ చేయరాదు. ముందు డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారిందంటే నీరు చేరినట్టే. కారును లాగించి షెడ్డుకు చేర్చి, ఆయిల్, ఫిల్టరు మార్చిన తరువాతే తాళం తిప్పాలి.

రంగు చూసి తీర్పు వద్దు

ఆయిల్ నల్లబడగానే పాడైందనుకోవడం మరో అపోహ. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కొద్ది రోజుల్లోనే నల్లగా మారుతుంది. మసిని తనలో కలుపుకొని ఇంజిన్‌కు అంటకుండా చూడటం దాని పని. నల్లబడిందంటే పని చేస్తోందన్నమాట. అలాగే బంగారు రంగులో ఉన్నంత మాత్రాన బాగుందని కాదు. రెండేళ్లుగా కదలని కారులో ఆయిల్ చూడటానికి బాగానే ఉన్నా, తేమ, ఆమ్లాలతో దాని శక్తి తగ్గిపోయి ఉండవచ్చు. రంగుకన్నా తేదీ, కిలోమీటర్ల లెక్కే నమ్మదగినది.

మట్టం చూడటం మాత్రం ఎవరైనా చేయదగిన పని. కారును చదునైన చోట నిలిపి, ఇంజిన్ ఆపి ఐదు పది నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయాలి. రెండు గీతల మధ్య ఆయిల్ ఉంటే సరిపోతుంది. పై గీత దాటేలా పోయడం కూడా ప్రమాదమే. తిరిగే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. నురగ పట్టిన ఆయిల్ ఒత్తిడిని నిలపలేదు. నడుస్తుండగా ఎర్రని ఆయిల్ దీపం వెలిగితే ఊరు దగ్గరే కదా అని ముందుకు వెళ్లకూడదు. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. ఆ కొద్ది నిమిషాల్లోనే బేరింగులు కాలిపోయి ఇంజిన్ మొత్తం విప్పాల్సిన స్థితి రావచ్చు.

మిగిలింది బైకులోకి వద్దు.. పాతది కాలువలోకి వద్దు

కారుకు పోయగా మిగిలిన అర లీటరును మోటారు సైకిల్‌లో పోయడం మరో అలవాటు. చాలా మోటారు సైకిళ్లలో క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్‌లో రాపిడిని తగ్గించే రసాయనాలు ఉంటే ఆ క్లచ్ జారిపోతుంది. మోటారు సైకిళ్లకు జాసో ఎంఏ గుర్తు ఉన్న ఆయిల్ వేరుగా ఉంది. మిగిలిన కారు ఆయిల్‌ను మూత బిగించి దాచుకుంటే తరువాత మట్టం తగ్గినప్పుడు పనికొస్తుంది.

తీసేసిన పాత ఆయిల్‌ను చెదలు పట్టకుండా కర్రలకు పూయడం, కాలువలో పారబోయడం గ్రామాల్లో కనిపిస్తుంది. వాడిన ఆయిల్ చట్టరీత్యా ప్రమాదకర వ్యర్థం. 2016 నాటి నిబంధనల్లో అది స్పష్టంగా ఉంది. దాన్ని సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచే నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కొద్దిపాటి ఆయిల్ కూడా బావి నీటిని, చెరువును పాడుచేయగలదు. ఇంటి వద్ద మార్చుకునేవారు పాత ఆయిల్‌ను డబ్బాలో పట్టి, సేకరించే షెడ్డుకు అప్పగించాలి.

ఇవి మరవొద్దు

* యజమాని పుస్తకంలో చెప్పిన చిక్కదనం, నాణ్యత గుర్తు రెండూ సరిచూడాలి.
* ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఆయిల్ ఫిల్టరు కూడా మార్చాలి. పాత ఫిల్టరు పూడిపోతే ఆయిల్ వడకట్టకుండానే ఇంజిన్‌లోకి వెళుతుంది.
* సీలు ఉన్న డబ్బాను కళ్ల ముందే తెరిపించాలి. ఖాళీ డబ్బాల్లో నకిలీ ఆయిల్ నింపకుండా వాటికి రంధ్రం చేయించడం మంచిది.
* మార్చిన తేదీ, మీటరు అంకె, ఆయిల్ రకం ఒక చీటీపై రాసి బానెట్ లోపల అంటించాలి.
* బిల్లులు దాచాలి. వారంటీ కోరినప్పుడు, కారు అమ్మినప్పుడు అవే సాక్ష్యం.
* నెలకోసారి, దూర ప్రయాణానికి ముందు తప్పనిసరిగా మట్టం చూడాలి.
* తక్కువ తిరిగే కారుకైనా ఏడాది దాటనివ్వకూడదు.

చిన్న కారుకు సాధారణంగా మూడు నుంచి నాలుగు లీటర్ల ఆయిల్ పడుతుంది. ఏడాదికి ఒకసారి ఆ ఖర్చు భరించడం కష్టమేమీ కాదు. ఇంజిన్ బోరు పనికి వస్తే మాత్రం సామాన్యుడు తట్టుకోలేడు. పండగకు పిల్లలు ఊరికి వచ్చే లోపు డ్యాష్‌బోర్డు అరలోని పుస్తకం ఒకసారి తీసి చూస్తే, ఏ ఆయిల్ పోయాలో, ఎప్పుడు మార్చాలో అందులోనే దొరుకుతుంది.